బింగ్‌లో పైన, గూగుల్‌లో గల్లంతు: ముందు ఫోన్ తీసి చూడండి

సమస్య: పేజీ ఒక్కటే. బింగ్‌లో పైవరసలోనే ఉంటుంది. బింగ్ ఫలితాల మీద ఎక్కువగా ఆధారపడే డక్‌డక్‌గో అనే సెర్చ్ ఇంజన్‌లోనూ అంతే. గూగుల్‌లో మాత్రం మూడు నాలుగు పేజీలు తిప్పినా జాడ ఉండదు.

నా దగ్గరికి వచ్చేవాళ్లు అప్పటికే టైటిల్ నాలుగుసార్లు మార్చేసి ఉంటారు. దాని జోలికి పోకండి. పేజీ సోర్సు (వెనకున్న కోడ్) తెరిచి, ‘ఈ పేజీని ఫలితాల్లో చూపించొద్దు’ అని చెప్పే నోఇండెక్స్ ట్యాగు ఉందేమో వెతకండి. అన్ని సెర్చ్ ఇంజన్లకూ వర్తించే రోబోట్స్ పేరుతోనే కాదు, గూగుల్ తరఫున పేజీలు చదివే ప్రోగ్రామ్ అయిన గూగుల్‌బాట్ పేరుతో విడిగా కూడా ఉండొచ్చు. అది లేదంటే అసలు ప్రశ్న: ఈ పేజీని మీరు ఫోన్‌లో ఎప్పుడైనా చూశారా?

కారణం: గూగుల్ పేజీని ఫోన్‌లా వచ్చి చదువుతుంది. 2016లో ప్రకటించి, 2023 కల్లా దాదాపు అన్ని సైట్లనూ ఈ పద్ధతికి మార్చేసింది. ఫోన్ పేజీలో లేని మాట దాని లెక్కలో లేనట్టే. బింగ్ కంప్యూటర్‌లా వచ్చి చదివే డెస్క్‌టాప్ బాట్‌ను కూడా పంపుతుంది.

ఇదంతా తెలిసి కూడా నేను బోల్తాపడ్డాను. ఒక పచ్చళ్ల దుకాణం సైటు, గోంగూర పచ్చడి పేజీ. ల్యాప్‌టాప్‌లో ఆరు పేరాలు: ఎర్ర గోంగూరా తెల్లదా, ఏ నూనె, ఎన్నాళ్లు నిలవుంటుంది అన్నీ ఉన్నాయి. ఫోన్‌లో ఫొటో, ధర, కింద ‘ఇంకా చదవండి’ అని ఒక బటన్. నొక్కాను, ఆరు పేరాలూ వచ్చాయి. ‘ఉందిగా’ అనుకుని రెండు వారాలు హెడ్డింగులు, ఆల్ట్ టెక్స్ట్ (ఫొటోకు రాసే వివరణ) సవరిస్తూ కూర్చున్నాను. ఒకరోజు నెట్ నెమ్మదిగా ఉన్నప్పుడు గమనించాను: నొక్కగానే చిన్న చక్రం తిరుగుతోంది, ఆ తర్వాతే అక్షరాలు వస్తున్నాయి. అంటే పేరాలు పేజీలో దాగి లేవు, నొక్కాక సర్వర్ నుంచి వస్తున్నాయి. గూగుల్‌బాట్ బటన్లు నొక్కదు. దానికి దొరికింది ఫొటో, ధర, అంతే.

నిర్ధారణకు, సైటు యజమానులకు గూగుల్ ఇచ్చే సాధనం సెర్చ్ కన్సోల్‌లో మీ పేజీ యూఆర్‌ఎల్‌ను (చిరునామాను) తనిఖీకి పెట్టి, గూగుల్ తీసుకున్న హెచ్‌టీఎంఎల్ (పేజీ కోడ్) తెరవండి. ల్యాప్‌టాప్ పేజీ నడిమధ్య నుంచి ఒక వాక్యం కాపీ చేసి అందులో వెతకండి. టైపు చెయ్యొద్దు. తెలుగులో కంటికి కనపడని సున్నా వెడల్పు అక్షరం మధ్యలో ఉందంటే, ఉన్న వాక్యం కూడా లేదనే చూపిస్తుంది.

పరిష్కారం: బటన్ తీసెయ్యక్కర్లేదు. పేజీ తెరుచుకునేటప్పుడే పాఠం మొత్తం హెచ్‌టీఎంఎల్‌లో రావాలి, ఆపైన మడిచి పెట్టుకోండి. మడతపెట్టడానికే ఉన్న డీటెయిల్స్ ట్యాగు చాలు. మడతలో ఉన్న పాఠాన్ని గూగుల్ లెక్కలోకి తీసుకుంటుంది. తర్వాత కన్సోల్‌లోనే ఇండెక్సింగ్ (పేజీని మళ్లీ చదివి నమోదు చేసుకోమని) కోరండి. పేజీ మారిందని సెర్చ్ ఇంజన్లకు వెంటనే తెలిపే ఇండెక్స్‌నౌ బింగ్‌కు పనికొస్తుంది, గూగుల్ దాన్ని వాడదు.

మిగతావి అరుదు. పేజీ కోడ్‌లో రాసే కీలక పదాల జాబితాను, అంటే మెటా కీవర్డ్స్‌ను, చూడనని గూగుల్ 2009లోనే చెప్పేసింది, వదిలెయ్యండి. ఒకే భాషలో ఉన్న సైటుకు పేజీ ఏ భాషదో చెప్పే హెచ్‌రెఫ్‌లాంగ్ గొడవ అక్కర్లేదు. వ్యవహారం తిరగబడి, గూగుల్‌లో బాగుండి బింగ్‌లో పాత పేజీయే కనిపిస్తుంటే బాట్‌లకు సూచనలిచ్చే రోబోట్స్ ఫైల్లో క్రాల్-డిలే (బాట్ రాకకూ రాకకూ మధ్య ఆగాల్సిన సమయం) చూడండి. గూగుల్ దాన్ని పట్టించుకోదు, బింగ్ పాటిస్తుంది.

థీమ్ అప్‌డేట్ చేసిన ప్రతిసారీ ఫోన్‌లో ఆ బటన్ నొక్కి చూసుకోండి. ఆ దుకాణంలో చక్రం రెండోసారి కూడా తిరిగింది.