ల్యాబ్‌లో అండాలను పక్వం చేయడం: ఐవీఎం (ఇన్ విట్రో మెచ్యురేషన్) చేసే పద్ధతి

పీసీఓఎస్ (అండాశయాలను దెబ్బతీసే హార్మోన్ల సమస్య) ఉన్నవారికి మామూలు ఐవీఎఫ్ (టెస్ట్‌ట్యూబ్ పద్ధతి) మోతాదులో హార్మోన్లు ఇస్తే అండాశయాలు ఉబ్బి, కడుపులో నీరు చేరే ప్రమాదం ఎక్కువ. కీమోథెరపీ మొదలవబోయే వారికేమో అన్ని రోజుల ఇంజెక్షన్లకు వ్యవధి ఉండదు. ఇలాంటివారికి రెండు మూడు రోజులు ఎఫ్‌ఎస్‌హెచ్ (అండాల ఎదుగుదలను ప్రేరేపించే హార్మోన్) ఇచ్చి, లేదా ఏమీ ఇవ్వకుండానే, 2 నుంచి 10 మిల్లీమీటర్ల చిన్న ఫాలికల్స్‌లోని (అండాశయంలో అండం ఉండే ద్రవపు సంచుల్లోని) అండాలను తీసి బయట పక్వం చేయవచ్చు.

పక్వం చేసే మీడియంను (అండాలను ఉంచే పోషక ద్రవాన్ని) ముందురోజు రాత్రే ఇన్‌క్యుబేటర్‌లో పెట్టాలి: 37 డిగ్రీలు, 5–6 శాతం కార్బన్ డయాక్సైడ్. పొద్దున పీహెచ్ 7.2–7.4 మధ్య ఉందో లేదో చూశాకే వాడాలి. అందులో ఎఫ్‌ఎస్‌హెచ్ సాధారణంగా మిల్లీలీటరుకు 75 మిల్లీయూనిట్లు ఉంటుంది.

అండాలు తీసేటప్పుడు సక్షన్ (సూదితో లాగే ఒత్తిడి) తగ్గించండి. 80 ఎంఎంహెచ్‌జీ దగ్గర ఉంచితే మంచిది. ఎక్కువైతే అండాన్ని చుట్టుకున్న క్యుములస్ కణాలు ఊడిపోతాయి. ఆ పొర పోయిన అండం సరిగా పక్వం కాదు. సూది సన్నం కాబట్టి రక్తం గడ్డకట్టి తరచూ మూసుకుంటుంది. హెపారిన్ (రక్తం గడ్డకట్టకుండా చూసే మందు) కలిపిన వెచ్చని మీడియంతో మధ్యమధ్యలో కడగాలి. తీసిన ద్రవాన్ని 70 మైక్రాన్ల జల్లెడలో వడకట్టి, జల్లెడను తిరగేసి మళ్లీ కడగండి, అండాలు దాని కన్నాలకు అంటుకుని ఉండిపోతాయి. ఇక్కడ క్యుములస్ మబ్బులా విచ్చుకుని ఉండదు, అండానికి బిగుతుగా అతుక్కుని ఉంటుంది. ఐవీఎఫ్‌కు అలవాటుపడిన కళ్లు దీన్ని కణాల ముద్ద అనుకుని వదిలేయగలవు.

అసలు చిక్కు తర్వాత వస్తుంది. ఫాలికల్‌లో ఉన్నంతసేపు అండంలోని సైక్లిక్ ఏఎంపీ అనే సంకేత అణువు విభజనను ఆపి ఉంచుతుంది. బయటికి తీయగానే అది పడిపోయి కేంద్రకం తనంతట తాను ముందుకు సాగుతుంది. కణద్రవ్యం మాత్రం వెనకబడుతుంది. చూడటానికి పక్వమైన అండమే, పిండం మాత్రం ఎదగదు. అందుకే రెండంచెల పద్ధతి వచ్చింది: మొదట 24 గంటలు సీ-టైప్ నేట్రియురెటిక్ పెప్టైడ్ అనే చిన్న ప్రొటీన్‌తో కేంద్రకాన్ని నిలిపి ఉంచడం, ఆపైన 30 గంటలు ఎఫ్‌ఎస్‌హెచ్, ఆంఫిరెగ్యులిన్ (పక్వాన్ని ప్రేరేపించే ప్రొటీన్) ఉన్న మీడియంలో పక్వం చేయడం. పని ఎక్కువే అయినా, వీలున్న ల్యాబ్ దీన్నే ఎంచుకోవాలి.

ఒకే అంచెలో చేస్తే 24–30 గంటలకు చూడాలి. హయలూరోనిడేజ్ అనే ఎంజైమ్‌లో అర నిమిషం ఉంచి, పిపెట్‌తో కణాలను తొలగించండి. పోలార్ బాడీ (విభజనలో అండం బయటికి వదిలే చిన్న కణం) బయటపడి ఉంటే పక్వమైనట్టే. అది అప్పుడే బయటపడుతూ కనిపిస్తే వెంటనే వీర్యకణాన్ని ఇంజెక్ట్ చేయకండి, స్పిండిల్ (క్రోమోజోమ్‌లను పట్టి ఉంచే తంతువుల అమరిక) ఇంకా కుదురుకుని ఉండదు. రెండు గంటలు ఆగాలి. వేడి తగ్గినా స్పిండిల్ చెదిరిపోతుంది, అందుకని అండాలు హీటెడ్ స్టేజ్ (మైక్రోస్కోప్ కింది వెచ్చని పలక) దాటి బయటికి రాకూడదు. మిగిలినవాటిని 48 గంటల వరకు చూడవచ్చు. ఆలస్యంగా పక్వమైనవి అంత బాగా ఎదగవు.

మీడియంలో గడిపిన అండం పైపొర గట్టిపడవచ్చు కాబట్టి ఇక్సీ (ఒక్క వీర్యకణాన్ని నేరుగా అండంలోకి ఎక్కించడం) చేయడమే మామూలు. 16–18 గంటల తర్వాత రెండు ప్రోన్యూక్లియైలు (అండం నుంచి ఒకటి, వీర్యకణం నుంచి ఒకటి వచ్చిన కేంద్రకాలు) కనిపించాలి. హార్మోన్లు తక్కువ ఇచ్చినందువల్ల గర్భాశయ పొర ఆ నెల సిద్ధంగా ఉండదు. పిండాలను ఫ్రీజ్ చేసి, ఈస్ట్రోజన్, ప్రొజెస్టెరోన్‌లతో పొరను తయారుచేశాక తర్వాతి నెలల్లో బదిలీ చేయడం మేలు.