ఏ ఉద్యమం, ఎప్పటి సంగతి: ఊరి పోరాట చరిత్రను రాసే పద్ధతి

వరంగల్ ప్రాంతంలోని ఏ ఊళ్లోనైనా ఒక పెద్దమనిషి దగ్గర కూర్చుని ‘ఉద్యమం గురించి చెప్పండి’ అని అడిగితే, ఆయన చెప్పేది నాలుగు కాలాల్లో దేని గురించైనా కావచ్చు. 1946 నుంచి 1951 వరకు సాగిన రైతాంగ సాయుధ పోరాటం, 1969 నాటి ప్రత్యేక తెలంగాణ ఆందోళన, 1978 సెప్టెంబరు 7న జరిగిన జగిత్యాల జైత్రయాత్రతో ఊపందుకున్న రైతు కూలీల పోరాటాలు, 2014లో రాష్ట్ర ఏర్పాటుతో ముగిసిన మలిదశ పోరాటం, అన్నింటినీ మనం ఉద్యమమనే అంటాము. అందువల్ల ఊరి చరిత్ర రాయదలచినవారు వివరాలు సేకరించడానికి ముందు, చెప్పేవారు ఏ కాలంలో నిలబడి మాట్లాడుతున్నారో తేల్చుకోవాలి.

ఇందుకు మాటలు కొంతవరకు సాయపడతాయి. ‘సంగపోళ్లు’ అంటే చాలాచోట్ల సాయుధ పోరాట కాలపు ఆంధ్ర మహాసభ కార్యకర్తలే. పల్లెల్లో ఆ సభనే సంగమనేవారు. అయితే కరీంనగర్ వైపు 1978 తర్వాతి రైతు కూలీ సంఘాలకూ అదే పేరు వాడినందున, ఆ ఒక్క మాటను నమ్ముకుని కాలాన్ని నిర్ణయించరాదు. ‘అప్పుడు మీకెన్నేళ్లు?’ అన్న ప్రశ్నకు సరైన జవాబు అరుదుగా వస్తుంది. దానికి బదులు ‘పోలీస్ యాక్షన్‌కు ముందా, తర్వాతా?’ అని అడగాలి. 1948 సెప్టెంబరు 13 నుంచి 17 వరకు నిజాం రాజ్యంపై భారత సైన్యం జరిపిన ఆ చర్య పెద్దల జ్ఞాపకాలలో గెట్టు వంటిది: దానికి ముందరి భయం రజాకార్లది, తర్వాతి భయం మిలిటరీ క్యాంపులది. మొదట్లో నేను ఈ తేడాను పట్టించుకోక, క్యాంపులో దెబ్బలు తిన్న ఒకాయన కథనాన్ని రజాకార్ల ఖాతాలో రాసుకున్నాను. రెండోసారి వెళ్లినప్పుడు ఆయనే నవ్వి సరిదిద్దారు.

కాగితాల దగ్గరికి వచ్చేసరికి ఫసలీ లెక్క తెలియక చాలామంది దారి తప్పుతారు. నిజాం కాలపు రెవెన్యూ పత్రాలలో ఉండేది ఫసలీ, అంటే పంటల లెక్కన సాగే రెవెన్యూ సంవత్సరమే. హైదరాబాద్ రాజ్యంలో అది అక్టోబరు మొదటి వారంలో, ఆజూర్ నెలతో ఆరంభమయ్యేది. పత్రం తేదీ అక్టోబరు నుంచి డిసెంబరు మధ్య పడితే ఫసలీకి 590, జనవరి నుంచి ఆ ఫసలీ ముగిసేదాకా అయితే 591 కలపాలి; అప్పుడు ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. కడవెండిలో దొడ్డి కొమరయ్య తుపాకీ గుండుకు బలైన 1946 జూలై 4ను తీసుకుంటే, అది 1355 ఫసలీలోకి వస్తుంది. 590 మాత్రమే కలిపే అలవాటున్నవారు 1356 నాటి కట్టలు విప్పి, అక్కడేమీ కనిపించక నిరాశపడతారు.

జిల్లాల సంగతి కూడా ఇటువంటిదే. కడవెండి, పాలకుర్తి ఇప్పుడు జనగామ జిల్లాలో ఉన్నాయి కానీ, పోరాట కాలంలో జనగామ తాలూకా నల్లగొండ జిల్లాలో భాగం. ఖమ్మం 1953 వరకు వరంగల్ జిల్లాలోనే ఉండేది. హైదరాబాద్ తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌కు వెళ్లేవారు 2016 నాటి జిల్లా పేరుతో కాక, సంఘటన జరిగిన నాటి జిల్లా, తాలూకా పేర్లతో అడగాలి. అక్కడి పాత పత్రాలలో ఎక్కువ భాగం ఉర్దూ, ఫారసీలలో ఉన్నందున, చదివి చెప్పగల మనిషిని వెంట తీసుకుపోవడం మేలు.

ఊరి పోరాటానికి అసలు వేరు భూమి కనుక, తహశీల్దారు కార్యాలయంలోని 1954–55 ఖాస్రా పహాణీని (భూమి, సాగు వివరాల రికార్డును), 1950 కౌలుదారీ చట్టం కింద తయారైన రక్షిత కౌలుదారుల జాబితాను తప్పక చూడాలి. పట్టా ఎవరిదో, దున్నినదెవరో విడివిడిగా నమోదై ఉండటమే వీటి విలువ. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ విసునూరు దేశ్‌ముఖ్ మనుషులకు దక్కనివ్వనిది తాను కౌలుకు చేసిన పొలంలోని పంటను. ఆ తగాదాకు మూలం సరిగ్గా ఈ రెండు వివరాల మధ్య ఉన్న దూరమే. మీ ఊళ్లోనూ గడీ కథలు వినడానికి ముందు పహాణీలోని గడులు చదవడం మంచిది. మామూలుగా అడిగితే నకలు ఇవ్వకపోతే, 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టవచ్చు.

పత్రికలలో మీ ఊరి పేరు కనబడనంత మాత్రాన అక్కడ ఏమీ జరగలేదని తీర్మానించరాదు. గోలకొండ పత్రిక 1926 నుంచి వెలువడినా, సభ జరపాలంటే ముందస్తు అనుమతి ఉండాలన్న గస్తీ నిషాన్ 53 వంటి ఆంక్షల నడుమ ఎన్నో సమావేశాలు చప్పుడు లేకుండా జరిగాయి. వాటి ఆచూకీ గ్రంథాలయాల చరిత్రలోనే ఎక్కువగా దొరుకుతుంది. 1904లో హనుమకొండలో వెలసిన రాజరాజనరేంద్ర ఆంధ్ర భాషా నిలయం వంటివి చదువుకునే చోట్లే కాక, నలుగురు కూడే చోట్లు కూడా.

స్తూపం మీది తేదీని చూసినప్పుడు అది మరణించిన రోజా, కట్టిన రోజా అని అడిగి తెలుసుకోవాలి. కొన్ని జ్ఞాపకాలు తేదీకి కాక తిథికి కట్టుబడి ఉంటాయి: జోడేఘాట్‌లో కొమురం భీం వర్ధంతిని ఆదివాసులు ఆశ్వయుజ పౌర్ణమినాడు జరుపుతారు. ఇటువంటి చోట తిథిని తిథిగానే రాయడం న్యాయం.

ఆడవారిని వేరుగా, తీరికగా కలవాలి. ఇంటి మగవారు పక్కన ఉంటే వాళ్లు ‘మాకేం తెలుసు బిడ్డా’ అని ఊరుకుంటారు. ఒంటరిగా ఉన్నప్పుడు మాత్రం ఎవరికి ఎన్ని రోజులు అన్నం పంపారో, వెట్టికి పోయిన ఇంట్లో పసిపిల్లలను ఎవరు చూసుకున్నారో పూసగుచ్చినట్లు చెబుతారు. ఆ మాటలను వారి యాసలోనే రాసుకోవాలి. పుస్తక భాషలోకి మార్చితే నాగువడ్లు (వడ్డీకి తెచ్చుకున్న ధాన్యం), వెట్టి, లెవీ గల్లా (సర్కారుకు తప్పనిసరిగా కొలవాల్సిన ధాన్యం) వంటి మాటల బరువు పోతుంది.

ఎవరు ఎవరిని పట్టించారన్న విషయం ప్రతి ఊళ్లోనూ వస్తుంది. మనవళ్లు ఇప్పటికీ ఒకే వాడలో ఉంటున్నారు కనుక, ఒక్కరి నోటి మాట మీద ఆధారపడి అటువంటి పేరును అచ్చువేయకూడదని నా అభిప్రాయం; రెండో ఆధారం దొరికేదాకా ఆ పేరు నోటుబుక్కులోనే ఉండాలి. ప్రతి రికార్డింగుకు ముందు అనుమతి తీసుకుని, రాత పూర్తయ్యాక చెప్పినవారికి వారి భాగాన్ని చదివి వినిపించాలి. ఇద్దరి కథనాలు పొసగకపోతే రెండింటినీ, చెప్పినవారి వయసు, వాడ, విన్న తేదీలతో సహా పక్కపక్కనే ఉంచాలి.