క్వేకర్ కాలేజీ బ్యాచ్ దశాబ్దాలైనా చెదిరిపోకుండా ఉండాలంటే ఏం చేయాలి

అమెరికాలో ఇండియానా రాష్ట్రం రిచ్‌మండ్‌లో ఎర్లమ్ కాలేజీ ఉంది, క్వేకర్లు (మౌనంగా కూర్చుని ప్రార్థన చేసుకునే ఒక క్రైస్తవ శాఖ వాళ్లు) 1847లో బోర్డింగ్ స్కూల్‌గా మొదలుపెట్టారు, 1859లో కాలేజీ అయింది. అక్కడ చదివిన మా బ్యాచ్ ఇన్నేళ్ల తర్వాత కూడా కలిసే ఉందంటే వాట్సాప్ వల్ల కాదు, అక్కడ ఒంటపట్టిన పద్ధతుల వల్లే అని నా గట్టి నమ్మకం. హేవర్‌ఫర్డ్, గిల్‌ఫర్డ్ లాంటి క్వేకర్ కాలేజీల వాళ్లకి ఇవి తెలిసినవే, గుంటూరులోనో వరంగల్‌లోనో చదివిన బ్యాచ్‌లు కూడా నిక్షేపంగా వాడుకోవచ్చు.

ముందు ఒక క్లర్క్‌ని పెట్టుకోండి. క్వేకర్ మీటింగ్‌లో క్లర్క్ పెత్తనం చేయడు, అందరి మాటా విని, మనం తేల్చుకున్నది ఇదీ అని రెండు వాక్యాలు రాసి అక్కడికక్కడే చదివి వినిపిస్తాడు, అందరూ సరే అంటేనే అది మినిట్, అంటే రాసి పెట్టుకున్న నిర్ణయం, అవుతుంది, ఓటింగ్ ఉండదు. రీయూనియన్ ఎక్కడా అని గ్రూప్‌లో పోల్ పెడితే ఓడినవాళ్లు పైకేమీ అనరు కానీ రావడం మానేస్తారు. మాట్లాడుకుని తేల్చుకోవడానికి నెల పట్టినా పర్లేదు, అలా తేలిన తేదీకి జనం వస్తారు.

వీడియో కాల్ మూడు నెలలకోసారి చాలు. రిచ్‌మండ్‌లో శనివారం పొద్దున తొమ్మిదైతే వేసవిలో హైదరాబాద్‌లో సాయంత్రం ఆరున్నర, నవంబర్‌లో అమెరికా వాళ్లు గడియారం గంట వెనక్కి తిప్పాక ఏడున్నర, కాబట్టి రెండువైపులా ఎవరి నిద్రా పాడవదు. కాల్ మొదట్లో ఐదు నిమిషాలు అందరూ మౌనంగా కూర్చోండి, కొత్తవాళ్లకి ఇబ్బందిగానే ఉంటుంది, ఉండనివ్వండి. ఆ తర్వాత అందరూ ఒక్కోసారి మాట్లాడేదాకా ఎవరూ రెండోసారి నోరు విప్పకూడదు. క్లర్క్ వారం ముందే ఒక ప్రశ్న పంపాలి, ఈ మధ్య నీ మనసు మారిన విషయం ఏంటి లాంటిది, లేకపోతే కాల్ అంతా పిల్లల ఉద్యోగాలూ మోకాళ్ల నొప్పులతోనే అయిపోతుంది.

అన్నిటికంటే నాకు నచ్చింది తిరిగే ఉత్తరం. ఇది క్వేకర్లు కనిపెట్టింది కాదు, అమెరికాలో పాతకాలం నుంచీ కుటుంబాల్లో, క్లాస్‌మేట్స్‌లో ఉన్నదే. పెద్ద కవర్‌లో అందరి ఉత్తరాలూ ఉంటాయి, అది మీ ఇంటికి రాగానే అన్నీ చదివి, కిందటిసారి మీరు రాసింది తీసి, కొత్తది పెట్టి, లోపల అంటించిన లిస్టులో తర్వాతి పేరుకి పోస్ట్ చేయాలి. ఒకళ్ల దగ్గర రెండు వారాలకి మించి ఉండకూడదు. తీసిన పాత ఉత్తరాలు పారేయొద్దు, కొన్నేళ్లు పోయాక అదే మీ డైరీ. ఇండియాలో ఉన్నవాళ్లకి కవర్ వచ్చేసరికి చాలా లేటవుతుంది, వాళ్ల ఉత్తరాన్ని స్కాన్ చేసి పంపమంటే అమెరికాలో ఉన్నవాళ్లెవరైనా ప్రింట్ తీసి కవర్‌లో పెడతారు.

టీచర్లని మర్చిపోవద్దు. ఎర్లమ్‌లో ప్రొఫెసర్లని పేరు పెట్టే పిలుస్తారు, సార్, మేడమ్ అని పెరిగిన మన పిల్లలకి మొదట్లో నోరు రాదు గానీ ఆ అలవాటు వల్లే రిటైరైన ప్రొఫెసర్లు కూడా కాల్‌లో మనలో ఒకరిలా కూర్చుంటారు.

ఎవరికైనా ఉద్యోగం పోయినా, ఇల్లు చెదిరినా గ్రూప్‌లో సలహాల వర్షం కురిపించకండి. క్వేకర్లకి క్లియర్‌నెస్ కమిటీ అని ఉంది, అడిగిన మనిషి దగ్గర నలుగురైదుగురు కూర్చుని మనస్ఫూర్తిగా ప్రశ్నలే అడుగుతారు, ఇలా చెయ్యి అని ఎవరూ చెప్పరు. ఫోన్‌లో కూడా బాగా పనిచేస్తుంది. ఎవరైనా చనిపోతే ఆర్ఐపీ మెసేజ్‌లతో సరిపెట్టకుండా మౌనంగా ఒక కాల్ పెట్టుకోండి, చెప్పాలనిపించినవాళ్లు ఆ మనిషి గురించి చెప్తారు, క్లర్క్ అవన్నీ రాసి కుటుంబానికి పంపాలి. తల్లిదండ్రులు కాలేజీలో ఎలా ఉండేవాళ్లో పిల్లలకి మనం తప్ప చెప్పేవాళ్లుండరు.

చందాల సంగతి ఈ గ్రూప్‌లోకి రానివ్వకండి, అది కాలేజీ ఆఫీసు చూసుకుంటుంది.

క్లర్క్‌ని రెండేళ్లకోసారి మార్చండి. దిగిపోయే మనిషి అడ్రస్‌ల లిస్టు, మినిట్స్ పుస్తకం ఇచ్చేసి ఊరుకోకూడదు, కొత్త క్లర్క్‌కి ఫోన్ చేసి ఎవరికి చెవులు సరిగ్గా వినపడట్లేదో, ఎవరికి కాల్ కంటే ఉత్తరమే ఇష్టమో, ఎవరిని మనమే ముందు పలకరించాలో కూడా చెప్పాలి.