ట్రంకుపెట్టెలో పాత ఉత్తరాలు దొరికితే

మాది కావలి. మా జేజి ట్రంకుపెట్టె అడుగున 1942 నాటి పోస్టుకార్డులు పదకొండు దొరికాయి. ఆ ఏడాది ఏప్రిల్ 6న విశాఖ, కాకినాడ మీద జపాన్ బాంబులు పడ్డాయి. మద్రాసు జనం భయంతో సొంతూళ్లకు తరలిపోయారు. అక్కడే ఉద్యోగంలో ఉండిపోయిన మా తాత ఒక కార్డులో "బియ్యం ఉన్నాయి, పిల్లకు జ్వరం తగ్గిందా" అని రాశాడు. 'జ్వరం' దగ్గర సిరా అలుక్కుపోయి ఉంది.

ఇలాంటివి దొరికితే ముందు చేతులు కడుక్కుని, తడి పూర్తిగా ఆరాకే ముట్టుకోండి. గుండుసూదులుంటే మెల్లగా తీసేయండి, తుప్పు కాగితాన్ని తినేస్తుంది. మడత బిగుసుకుపోతే బలవంతంగా విప్పొద్దు. చిరుగులకు సెల్లోటేపు అసలు వద్దు. లామినేషన్ అంతకన్నా వద్దు. నేను ఒక కార్డుకు చేయించాను, ఇక దాన్ని విడదీసే దారి లేదు. ఆ బాధ ఇప్పటికీ ఉంది.

నీడపట్టున, ఫ్లాష్ లేకుండా రెండు వైపులా ఫోటో తీయండి. పోస్టాఫీసు ముద్ర, తేదీ స్పష్టంగా పడాలి. ఫోటో ఉంది కదా అని అసలుది పారేయకండి. మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్స్ నుంచి మన సిపాయిలు రాసిన ఉత్తరాల్లో సెన్సారు వాళ్లు ఇంగ్లీషులోకి మార్చుకున్న భాగాలు లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. చాలావాటికి ఆ సిపాయి చేతిరాతే మిగల్లేదు.

మన వైపు ఉక్క ఎక్కువ. గోడకు ఆనించకుండా, ఆమ్లం లేని కాగితపు కవర్లలో, పొడిగా ఉండే బీరువాలో పెట్టండి. ఇంట్లో పెద్దవాళ్లుంటే ఈ వారమే పక్కన కూర్చుని చదివించుకోండి. ఎవరు ఎవరో వేరే కాగితం మీద పెన్సిల్‌తో రాసిపెట్టండి. ఆ 'పిల్ల' మా పెద్దత్త అని మాకు అలాగే తెలిసింది.