మసకబారి, నీళ్లు దిగిన హెడ్‌లైట్లను ఇంట్లోనే బాగుచేయడం ఎలా?

ఎమరీ పేపర్ కొనే ముందు తడిగుడ్డతో హెడ్‌లైట్ గ్లాసును ఒకసారి తుడిచి చూడండి. తడిగా ఉన్నంతసేపు తేటగా కనబడి, ఆరగానే మళ్లీ మసకబారితే లోపం బయటివైపే ఉంది. అది చేత్తో పోతుంది. తడిసినా మసక అలాగే ఉంటే అది లోపలివైపుది. పైన ఎంత రుద్దినా దానికి ఫలితం ఉండదు. పదేళ్లు దాటిన స్విఫ్ట్, వ్యాగనార్, ఐ10 లాంటి కార్లలో బయటి మసకా, లోపల చేరే నీళ్లూ తరచూ కలిసే వస్తాయి కాబట్టి ముందు నీళ్ల సంగతి తేల్చుకుని, తర్వాతే పాలిష్ జోలికి వెళ్లాలి. చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు. గ్లాసు తళతళలాడుతుంది, మొదటి వానకే లోపల మళ్లీ చుక్కలు కడతాయి.

మనం గ్లాసు అంటున్నా, ఈ కార్లలో ఉండేది పాలీకార్బొనేట్ అనే ప్లాస్టిక్. గ్లాసు అంచున చిన్న అక్షరాల్లో ‘హెచ్‌సీఆర్ పీఎల్’ లాంటి గుర్తు కనిపిస్తే, అందులో పీఎల్ అంటే ప్లాస్టిక్ అని. ఎండ తగిలితే పాలీకార్బొనేట్ పసుపెక్కుతుంది. అందుకే కంపెనీ దానిమీద అతినీలలోహిత కిరణాలను ఆపే పలచని గట్టి పూత వేస్తుంది. మన ఎండలకు కొన్నేళ్లలో ఆ పూత పొట్టు లేస్తుంది. మీకు కనబడే పసుపు, గరుకుదనం చాలావరకు చెడిన పూతవే. అంబాసిడర్‌లాంటి పాత బండ్లకు ఉండేది నిజమైన గాజు. దాన్ని ఎమరీతో రుద్దకూడదు.

ముందు నీళ్లు

హెడ్‌లైట్ పూర్తిగా మూసేసిన డబ్బా కాదు. బల్బు వేడికి లోపలి గాలి వ్యాకోచిస్తుంది, చల్లారితే తగ్గుతుంది. ఆ గాలి వచ్చిపోవడానికి వెనకవైపు చిన్న గొట్టాలో, మూతలో ఉంటాయి. కాబట్టి వాన తర్వాత పలచగా ఆవిరి పట్టి, లైట్లు వేసిన కాసేపటికి పోతే భయపడక్కర్లేదు. చుక్కలు చుక్కలుగా నిలిచినా, అడుగున నీళ్లు చేరినా అది లీకే.

లైటు విప్పే ముందు ఇంకో పని. కారును చదునైన చోట గోడకు ఎదురుగా నిలిపి, లో బీమ్ (దగ్గరి దారిమీద పడే కింది వెలుగు) వేసి, గోడమీద వెలుగు అంచు పడే చోట టేపు అంటించండి. చక్రాలు ఆగిన చోట నేలమీద సుద్దతో గీత గీయండి. చివర్లో లైటు ఎత్తు సరిచూసుకోవడానికి ఇదే ఆధారం.

ఇక బానెట్ ఎత్తి, బల్బు వెనకున్న నల్ల రబ్బరు బూటును చూడండి. చాలా లీకులు ఇక్కడే దొరుకుతాయి. బల్బు మార్చిన ప్రతిసారీ దీన్ని లాగి పెడతారు. రబ్బరు ఎండిపోయి పెళుసెక్కుతుంది, పెదవి చిరుగుతుంది. చాలా బూట్లమీద ‘టాప్’ అని అచ్చు ఉంటుంది. ఆ అక్షరాలు పైకి ఉండాలి, బల్బు మూడు పిన్నులూ మధ్య రంధ్రంలోంచి పూర్తిగా బయటికి రావాలి, చుట్టూ పెదవి గాడిలో కూర్చోవాలి. బూటు వదులైతే అతికించే ప్రయత్నం చేయకండి, కొత్తది కొనండి. విజయవాడ ఆటోనగర్‌లోనే కాదు, మామూలు స్పేర్‌పార్ట్స్ దుకాణంలోనూ మోడల్ చెబితే ఇస్తారు. పనిలో పనిగా గాలి గొట్టం ఊడిపోయిందా, మట్టితో పూడిపోయిందా చూడండి.

బూటు బాగానే ఉంటే లైటు విప్పాల్సిందే. కొన్ని కార్లలో బంపర్ వదులు చేయందే అది బయటికి రాదు. పాత ప్లాస్టిక్ క్లిప్పులు విరుగుతాయి కాబట్టి నాలుగు ముందే తెచ్చిపెట్టుకోండి. బల్బు తీసేటప్పుడు దాని గాజును వేళ్లతో ముట్టుకోవద్దు. చర్మం జిడ్డు అంటిన చోట వేడి పెరిగి బల్బు త్వరగా పోతుంది.

లోపల నీళ్లుంటే బల్బు రంధ్రం కిందికి పెట్టి వంచేయండి. తర్వాత హెయిర్ డ్రయ్యర్‌ను తక్కువ వేడిలో, దూరం నుంచి రంధ్రంలోకి పట్టండి. గుడ్డ చుట్టిన పుల్ల మాత్రం లోపలికి దూర్చకండి. బల్బు వెలుగును ముందుకు తిప్పే రిఫ్లెక్టర్‌మీద వెండిలా మెరిసేది అతి పలచని అల్యూమినియం పూత. ఒక్క తుడుపుకే లేచిపోతుంది. గ్లాసు పైకి పెట్టి ఎండలో ఆరబెట్టడం కూడా మంచిది కాదు. రిఫ్లెక్టర్ ఎండనంతా ఒకచోటికి చేర్చి లోపలి ప్లాస్టిక్‌ను కరిగించగలదు.

పూర్తిగా ఆరాక లీకు వెతకాలి. బల్బు రంధ్రాన్నీ గాలి గొట్టాలనూ టేపుతో మూసి, ఒక గొట్టంలోంచి మాత్రం నోటితో మెల్లగా ఊదుతూ, గ్లాసు, వెనక డబ్బా కలిసే అతుకు వెంట సబ్బు నీళ్లు రాయండి. సైకిల్ ట్యూబుకు పంక్చర్ పట్టినట్టే, బుడగ లేచిన చోటే లీకు. అక్కడ పాత జిగురు పొడిని గీకి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, సిలికాన్ సీలెంట్‌ను వేలితో గట్టిగా లోపలికి నొక్కుతూ పెట్టండి. ట్యూబుమీద ‘న్యూట్రల్ క్యూర్’ అని ఉందో లేదో చూసి కొనండి. వెనిగర్ వాసన వేసే రకం ఆరేటప్పుడు వదిలే ఆమ్ల ఆవిరి రిఫ్లెక్టర్ మెరుపును పాడుచేస్తుంది. 24 గంటలు కదపకుండా వదిలేయండి. గాలి గొట్టాలకు వేసిన టేపు తీయడం మరవొద్దు. వాటినీ మూసేస్తే లోపలి తేమకు దారే ఉండదు.

లైటును వేడిచేసి గ్లాసు ఊడదీసే పద్ధతి కూడా ఉంది. లోపలి మసకకు అదొక్కటే దారి. కానీ అది ఇంట్లో మొదటిసారి చేసే పని కాదనే నేనంటాను. జిగురు మెత్తబడే రకం కాకపోతే గ్లాసు పగులుతుంది. రిఫ్లెక్టర్ పూతే ఊడి, నల్లబడిపోయి ఉంటే ఏ మరమ్మతూ వద్దు, కొత్త లైటే వేయించాలి.

తర్వాత రుద్దుడు

600, 1000, 1500, 2000 నంబర్ల నీళ్ల ఎమరీ షీట్లు పెయింటు దుకాణంలో తక్కువలో వస్తాయి. ఖర్చంతా చివర వేసే క్లియర్ కోట్ (రంగులేని రక్షణ పూత) స్ప్రే డబ్బాదే. లైటు కారుకే ఉంటే చుట్టూ మాస్కింగ్ టేపు రెండు వరసలు వేయండి. ఒక వరస ఎమరీకి చిరిగిపోతుంది.

బకెట్ నీళ్లలో కాస్త షాంపూ కలిపి, 600తో మొదలుపెట్టి అడ్డంగా మాత్రమే రుద్దండి. మొదట చిక్కటి పసుపు నీరు కారుతుంది. పాత పూత కరుగుతోందన్నమాట. కారే నీరు తెల్లబడేదాకా ఆగొద్దు. మధ్యలో కడిగి, తుడిచి, వంచి వెలుగులో చూడండి. పూత మిగిలిన చోట స్పష్టమైన అంచున్న నున్నటి మచ్చలు కనిపిస్తాయి. అవి పోకుండా పై నంబర్‌కు వెళ్తే చివరిదాకా మచ్చలు అలాగే ఉంటాయి. పనంతా ఇక్కడే ఉంది. ఒక్కో లైటుకు అరగంట పట్టినా తొందరపడకండి. ఈ దశలో గ్లాసు మునుపటికంటే తెల్లగా, అధ్వానంగా కనబడుతుంది. అది సహజమే.

తర్వాత 1000తో నిలువుగా రుద్దాలి. 600 వేసిన అడ్డగీతలు ఒక్కటీ కనబడనప్పుడు ఆ నంబర్ పూర్తయినట్టు. 1500తో మళ్లీ అడ్డంగా, 2000తో నిలువుగా. నంబర్ మారినప్పుడల్లా నీళ్లు మార్చండి. పాత ఇసుక రేణువు ఒక్కటి చాలు, కొత్త గీత పడటానికి.

ఇక్కడ చాలామంది రబ్బింగ్ కాంపౌండ్ అనే పాలిష్ పేస్టుతో మెరిపించి సంతోషపడి ఆపేస్తారు. టూత్‌పేస్ట్ చిట్కా కూడా అలాంటిదే. మెరుపు వస్తుంది, కానీ కాపాడే పూత లేని పాలీకార్బొనేట్ నేరుగా ఎండకు ఎదురై, కొన్ని నెలల్లోనే మళ్లీ పసుపెక్కుతుంది. అందుకే 2000 దగ్గర ఆపి, అతినీలలోహిత రక్షణ ఉన్న క్లియర్ కోట్ వేయాలి. సన్నటి గీతలను ఆ పూతే నింపుతుంది, మసక అప్పటికప్పుడే విడిపోతుంది.

పూతకు ముందు ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి. థిన్నర్, పెట్రోలు, అసిటోన్ దగ్గరికి రానివ్వొద్దు. అవి తగిలితే ప్లాస్టిక్‌లో సన్నటి పగుళ్లు పుడతాయి. దోమల మందు రాసి మెరిపించే వీడియోలనూ నమ్మకండి. అది పై పొరను మెత్తబరచడమే.

కారు చుట్టూ పేపర్లు కప్పి, గాలి దుమ్ము లేని ఉదయం పూట, ఒక జానెడు పైగా దూరం నుంచి మొదట మంచులా పలచగా చల్లండి. పది నిమిషాలాగి ఇంకో రెండు పలచటి పూతలు. చిక్కగా ఒకేసారి కొడితే కారుతుంది. రోహిణి కార్తె మిట్టమధ్యాహ్నం వేడెక్కిన గ్లాసుమీదా, వాన ముసురులోనూ వేయకండి. గట్టిపడే మందు కలిసే రెండు భాగాల రకం ఎక్కువకాలం నిలుస్తుంది. కానీ అందులోని ఐసోసయనేట్ ఊపిరితిత్తులకు హాని చేస్తుంది. ఆరుబయట, ఆవిర్లను ఆపే ఫిల్టర్ ఉన్న మాస్క్‌తోనే వాడాలి, మామూలు గుడ్డ మాస్క్ పనికిరాదు. అది లేకపోతే మామూలు రకమే మేలు. ఏ రకమైనా ఒకరోజు ముట్టుకోవద్దు, కడగొద్దు.

లైటు బిగించేటప్పుడు, వెలుతురు చాలదని 100 వాట్ల బల్బు పెట్టకండి. ఈ కార్లలో చాలావాటికి 60/55 వాట్ల హెచ్4 బల్బు సరిపోతుంది. ఎక్కువ వేడికి హోల్డరు, రిఫ్లెక్టర్ రెండూ మాడతాయి.

చివరగా కారును సుద్ద గీతల మీద నిలిపి, గోడమీది టేపుతో వెలుగు అంచును పోల్చండి. తేడా ఉంటే లైటు వెనకున్న సర్దుబాటు స్క్రూను కొద్దికొద్దిగా తిప్పండి. మన దేశపు లో బీమ్‌లో వెలుగు అంచు ఎడమవైపు కొంచెం పైకి లేచి ఉండాలి, కుడివైపు సమంగా ఉండాలి. కుడివైపు పైకి లేస్తే ఎదురొచ్చే బండివాడి కళ్లలో పడుతుంది.