గాలి చాటు కోసం తెలియని సైకిల్ వెనక చేరినప్పుడు: సమస్యలు, కారణాలు, పరిష్కారాలు

ఒడిశాలోని బరంపురం నుంచి ఆంధ్ర సరిహద్దులోని ఇచ్ఛాపురం దాకా పదహారో నంబరు జాతీయ రహదారి మీద పాతిక కిలోమీటర్లకు అటూ ఇటూ ఉంటుంది. ఎండాకాలం పొద్దెక్కి దక్షిణపు గాలి లేచిందంటే ఆ పాతిక కాస్తా యాభై అయినట్టు అనిపిస్తుంది. అలాంటప్పుడు ముందు ఇంకో సైకిల్ కనబడితే కాళ్లు వాటంతట అవే దాని వెనక్కి చేరిపోతాయి. అందులో తప్పేమీ లేదు. ఎదురుగాలి గంటకు 20 కిలోమీటర్లు ఉంటే, మనం 20 మీద తొక్కినా ఒంటికి తగిలేది 40 గాలి. ఒకరి వెనక చక్రానికి దగ్గరగా ఉంటే ఆ గాలి నిరోధం మూడో వంతు దాకా తగ్గొచ్చు. రోజూ కలిసి తొక్కే స్నేహితులు చేసేది ఇదే.

ముందున్న మనిషి మనకు తెలియనివాడైతే మాత్రం లెక్క మారిపోతుంది. మీరు వెనక ఉన్నారని అతనికి తెలియదు, మిమ్మల్ని రమ్మని అతను పిలవలేదు. పైగా మన సరిహద్దు రోడ్ల మీద ముందున్నది చాలాసార్లు హెల్మెట్ పెట్టుకున్న క్లబ్బు సైక్లిస్టు కాదు. కొబ్బరికాయల బస్తా కట్టుకున్న మనిషో, చేపల బుట్టతో వెళ్తున్న మనిషో, బడికి వెళ్లే పిల్లో అయి ఉంటారు. నేను చూసిన గొడవలూ, నేను చేసిన తప్పులూ దాదాపు అన్నీ ఇక్కడినుంచే పుట్టాయి.

సమస్య: ముందు చక్రం తగిలింది, లేదా తగలబోయి తప్పింది

అన్నిటికంటే ప్రమాదం ఇదే కాబట్టి దీనితో మొదలుపెడతాను.

ఒకరోజు తెల్లవారుజామున, గొళంతరా దాటాక, సైకిల్‌కు రెండు వైపులా పాల క్యాన్లు వేలాడదీసుకుని వెళ్తున్న ఒక పెద్దాయన వెనక చేరాను. క్యాన్ల వెడల్పుకు గాలి బాగా కాసింది. రెండు కిలోమీటర్లు హాయిగా వెళ్లాను. ఇంతలో ఒక మేక రోడ్డు మీదికి వచ్చింది. ఆయన బ్రేకు పట్టలేదు. ఎడమ కాలి చెప్పు తారుకు ఆనించి రాస్తూ ఆపాడు. నేను చూస్తున్నది ఆయన చేతుల్ని. అవి కదలలేదు కాబట్టి ఆగుతున్నాడని నాకు తట్టలేదు. నా చక్రం ఎడమ క్యాన్‌కు కొట్టుకుంది. మూత ఊడి, పాలు తారు మీద చారలా పారి, అంచున ఉన్న మట్టిలో ఇంకిపోయాయి. ఆయన తిట్టలేదు. క్యాన్ నిలబెట్టి, లోపలికి తొంగి చూసి, "ఉన్నానని ఓ మాట సెప్తే ఏటయ్యేది బాబూ" అన్నాడు. పాల డబ్బులు ఇచ్చాను. ఆ మాట మాత్రం నాతోనే ఉండిపోయింది.

దీనికి కారణాలు రెండు. మొదటిది దూరం. గంటకు 25 కిలోమీటర్ల వేగంలో సెకనుకు సుమారు 7 మీటర్లు వెళ్తాం. ఆపద కంటపడి, వేళ్లు బ్రేకు నొక్కేసరికి దాదాపు ఒక సెకను పోతుంది. అర మీటరు ఎడంలో ఉంటే బ్రేకు పట్టే లోపే వెళ్లి గుద్దేస్తాం. క్లబ్బుల్లో ఆ అర మీటరు ఎందుకు చెల్లుతుందంటే, వెనక మనిషి ఉన్నాడని తెలిసిన ముందువాడు హఠాత్తుగా బ్రేకు వేయడు, గుంత వస్తే చేత్తో చూపిస్తాడు. మీరున్నట్టే తెలియని మనిషి నుంచి ఆ సాయం ఆశించలేం.

రెండోది, మీ ముందు చక్రం అతని వెనక చక్రం పక్కకు చొరబడటం. అతను గుంత తప్పించడానికి బెత్తెడు జరిగితే చాలు, రెండు చక్రాలూ రాసుకుంటాయి. అప్పుడు పడేది సాధారణంగా వెనకవాడే. సైకిల్ మీద మనం నిలదొక్కుకునేది ముందు చక్రాన్ని అటూ ఇటూ తిప్పుకుంటూనే కదా. అది ఇరుక్కుంటే తిప్పడానికి చోటు ఉండదు.

ఏం చేయాలంటే: అడగకుండా ఎవరి వెనకా దగ్గరగా ఉండొద్దు. అడిగి, ఒప్పుకున్నాక కూడా కొత్త మనిషి అయితే కనీసం ఒక సైకిల్ నిడివి వదలండి. గాలి చాటు కొంత తగ్గుతుంది, తగ్గనివ్వండి. చూపు అతని టైరు మీద కాకుండా భుజం మీదుగా ముందు రోడ్డు మీద ఉండాలి. వేళ్లు ఎప్పుడూ బ్రేకుల మీదే ఉంచండి. ఇక బరువు మోసే సైకిళ్ల వెనక అసలు చేరొద్దు. వాటి బ్రేకులు ఎలా ఉంటాయో, బస్తా ఎప్పుడు ఒరుగుతుందో ఎవరికీ తెలియదు. గాలి లేని రోజున 15 మీద వెళ్లే సైకిల్ వెనక మీకు కలిసొచ్చేది కూడా దాదాపు ఏమీ ఉండదు.

సమస్య: ముందు మనిషి పదేపదే వెనక్కి చూస్తున్నాడు, సైకిల్ ఊగుతోంది

కారణం భయమే. వెనక గేరు సైకిల్ టిక్‌టిక్‌మనే చప్పుడు వినబడుతుంది, ఎవరో తెలియదు. దొంగా, తాగినవాడా, తెలిసినవాడా? తల కుడివైపు తిప్పి చూస్తే హ్యాండిల్ కూడా తెలియకుండా అటే తిరుగుతుంది. మన రోడ్ల మీద కుడివైపు అంటే లారీలు వచ్చే వైపు. మీరు మాట్లాడకపోవడం వల్ల అతను ఒక్కోసారి ఒక్కో అడుగు లారీల దగ్గరికి జరుగుతున్నాడు.

పది మీటర్ల దూరంలో ఉండగానే రెండుసార్లు బెల్ కొట్టండి. దగ్గరికొచ్చాక కొడితే ఉలిక్కిపడతాడు. వెనక వాహనాలు లేవని చూసుకుని పక్కకు వచ్చి, ముఖం చూపించి, ఒక్క మాట చెప్పండి: "అన్నా, గాలి ఎక్కువుంది, కాసేపు మీ వెనక రావచ్చా?" బరంపురం బజారుల్లోనూ, గిరిసోల నుంచి ఇచ్ఛాపురం వైపూ తెలుగు చెల్లుతుంది. ఛత్రపురం వైపు వెళ్తే "భాయి, ము పఛరే అఛి" అంటే చాలు, అన్నా నేను వెనకున్నాను అని. మీ ఒడియా ఎంత వంకరగా ఉన్నా మనిషి గొంతు వినగానే అవతలి భుజాలు సడలడం మీకే కనబడుతుంది.

జవాబు రాలేదంటే ఒప్పుకున్నట్టు కాదు. వద్దన్నట్టే అనుకుని దాటి వెళ్లిపోండి.

సమస్య: అతను ఉన్నట్టుండి వేగం పెంచాడు, లేదా బాగా తగ్గించేశాడు

పెంచితే పందెం అనుకుని ఉంటాడు, లేదా వదిలించుకోవాలని చూస్తున్నాడు. తగ్గిస్తే "నువ్వు ముందుకు పో" అని చెప్పడమే. అతను తగ్గించినప్పుడు మీరూ తగ్గించి వెనకే ఉండిపోతే వెంటపడుతున్నారనే అర్థం వస్తుంది. దాటండి. దాటాక మాత్రం అదే వేగంతో సాగిపోవాలి. దాటేసి, యాభై అడుగుల తర్వాత ఆయాసం వచ్చి నెమ్మదించి, అతను మళ్లీ మిమ్మల్ని దాటాల్సి రావడం రోడ్డు మీద నిజంగా చిరాకు తెప్పించే పని. అంత ఊపు లేకపోతే ఒక వంద మీటర్లు వెనకబడి మీ పాటికి మీరు తొక్కుకోండి.

సమస్య: సైకిల్ మీద వెళ్తున్న ఆడపిల్ల పక్కకు దిగి ఆగిపోయింది

లేదా గలగలా మాట్లాడుకుంటూ వెళ్తున్న ఇద్దరు ముగ్గురు ఒక్కసారిగా మౌనమైపోయారు. ఇక్కడ నేను మధ్యేమార్గం చెప్పను. ఒంటరిగా వెళ్తున్న అమ్మాయి వెనక, బడిపిల్లల వెనక, గాలి చాటు కోసం చేరకూడదు. అడిగి కూడా చేరకూడదు. ఖాళీ రోడ్డు మీద తెలియని మగవాడు అడిగితే ఆ పిల్ల కాదనలేదు, కాబట్టి ఆ అడగడం అడగడమే కాదు.

మా మేనకోడలు ట్యూషన్‌కు వెళ్లే రోజుల్లో ఒక సాయంత్రం ఎవరో గేరు సైకిల్ వాళ్లు చాలా దూరం వెనకే వచ్చారట. ఏమీ అనలేదు, ఏమీ చేయలేదు. బహుశా గాలి కోసమే వచ్చి ఉంటారు. వారం రోజులపాటు ఆ పిల్ల చుట్టు తిరిగి వేరే దారిలో వెళ్లింది. ఎందుకని అడిగితే, "మావయ్యా, ఎనకాల సప్పుడు ఆగలేదు" అంది. మన దృష్టిలో అది గాలి లెక్క. ఆ పిల్లకు ఆ దారి మొత్తం పోయింది.

అందుకని, దూరం నుంచే బెల్ కొట్టండి. "కుడి నుంచి వెళ్తున్నానమ్మా" అని మామూలు గొంతుతో చెప్పండి. వీలైనంత ఎడం ఇచ్చి దాటండి. దాటాక వెనక్కి తిరిగి చూడొద్దు. ఎదురుగాలి ఎంత ఉన్నా సరే, ఆ ఒక్క నిమిషం గట్టిగా తొక్కండి.

సమస్య: వంతెన ఎక్కుతుంటే ముందు సైకిల్ వెనక్కి వచ్చినట్టయింది

అది భ్రమ కాదు. సీటు మీద నుంచి లేచి నిలబడి తొక్కడం మొదలుపెట్టిన క్షణంలో సైకిల్ కాస్త వెనక్కి జారినట్టవుతుంది. హైవే మీద ఫ్లైఓవర్లు, వంతెనలు ఎక్కేటప్పుడు అందరూ లేచేది దాదాపు ఒకే చోట. ఎక్కుడు మొదలయ్యే ముందే ఎడం పెంచేయండి. ఎక్కేటప్పుడు వేగం తక్కువ కాబట్టి గాలి చాటుతో పెద్దగా పని కూడా ఉండదు.

సమస్య: గోపాల్‌పూర్ రోడ్డు మీద వెనక ఉన్నా గాలి కాయడం లేదు

పక్కగాలి అది. బరంపురం నుంచి గోపాల్‌పూర్ వెళ్లేటప్పుడు మనం ఆగ్నేయానికి కాస్త తూర్పుగా వెళ్తాం. నైరుతి గాలి వీచే నెలల్లో అది కుడివైపు నుంచి కొడుతుంది. అప్పుడు చాటు ఉండేది ముందువాడికి నేరుగా వెనక కాదు, ఎడమవైపు వాలుగా. దాన్ని వెతుక్కుంటూ ఎడమకు జరిగితే మీ చక్రం అతని చక్రం పక్కకు చేరుతుంది, ఇంకో పక్క తారు అంచు, దాని కింద ఇసుక. తిరుగు ప్రయాణంలో అదే గాలి ఎడమ నుంచి వస్తుంది కాబట్టి చాటు కుడివైపుకు మారుతుంది, అంటే బస్సుల దారిలోకి.

పందేల్లో రోడ్డంతా ఖాళీ చేసి ఇస్తారు కాబట్టి వాళ్లు ఏటవాలు వరుస కట్టగలరు. మనకు ఆ వీలు లేదు. పక్కగాలి రోజున తెలియని మనిషి చాటు గురించి మర్చిపోండి. చేతులు కిందికి పట్టుకుని, వీపు వంచి, ఒక గేరు తేలిక చేసి తొక్కితే సరిపోతుంది.

సమస్య: ఒప్పుకున్న మనిషే కాసేపటికి ముఖం మాడ్చుకున్నాడు

మీరు ఒక్కసారైనా ముందుకు వెళ్లారా? ఎక్కువసార్లు జవాబు అక్కడే ఉంటుంది. రెండు నిమిషాలు వెనక ఉంటే రెండు నిమిషాలు ముందుండాలి. బలం తక్కువైతే అర నిమిషం ఉండండి, లేదా ముందే చెప్పేయండి: "నేను లాగలేను అన్నా, పర్లేదంటేనే వస్తా." సూటిగా చెబితే ఎవరూ ఏమీ అనుకోరు. 200 కిలోమీటర్ల బ్రెవేకి, అంటే గడువులోగా పూర్తి చేయాల్సిన దూరపు సైకిల్ ప్రయాణానికి, పదమూడున్నర గంటల సమయం ఉంటుంది. అంత పొడుగు దారిలో ముక్కూ మొహం తెలియనివాళ్లు కలిసి సాగేది ఈ వంతుల మీదే.

మారడం కూడా పద్ధతిగా జరగాలి. హైవే అంచు గీతకు ఇవతల తొక్కుతున్నప్పుడు ముందువాడు ఎడమ అంచుకు జరిగి కాస్త నెమ్మదించాలి, వెనకవాడు తన వరుసలోనే తిన్నగా ముందుకు రావాలి. లారీల వైపు ఎవరూ జరగకూడదు. ముందుకు వచ్చిన మనిషి ఉత్సాహంతో వేగం పెంచేస్తే వెనకవాడు అక్కడే తెగిపోతాడు, కాబట్టి అతను ఎంతలో లాగాడో అంతలోనే లాగండి. ఇప్పుడు మీరు ముందున్నారు కనుక గుంత, ఇసుక, కుక్క ఏది వచ్చినా చెప్పే బాధ్యత మీది. చెయ్యి తీయడానికి భయమైతే నోటితో "గుంత" అని అరిచినా చాలు.

సమస్య: చొక్కా మీద పాన్ మరకలు

ముందు వెళ్తూ పాన్ ఉమ్మిన ఆయనకు మీరున్నట్టు తెలియదు. పైన చెప్పిన బెల్, ఒక మాట. అంతే.

సమస్య: మీ వెనకే ఎవరో అంటుకున్నారు, మీకు టెన్షన్‌గా ఉంది

బ్రేకు వేసి బుద్ధి చెప్పాలని చూడొద్దు, ఇద్దరూ పడతారు. తిన్నగా, ఒకే వేగంతో వెళ్తూ గట్టిగా చెప్పండి: "బాబూ, కాస్త దూరంగా రా, లేదా ముందుకు పో." గుంత ఉంటే అతనికీ చూపించండి, అతను అడగకపోయినా. అయినా వదలకపోతే ఎడమ చెయ్యి చాపి, నెమ్మదిగా పక్కకు తీసి, నలుగురు ఉన్న టీకొట్టు దగ్గరే ఆగండి. పురుషోత్తపురం చెక్‌పోస్టు చుట్టుపక్కల అలాంటి కొట్లు తెల్లవారకముందే తెరిచి ఉంటాయి. అతనూ ఆగాడనుకోండి, ఒక టీ చెప్పి ఎందాకా వెళ్తున్నాడో అడగండి. నాకు ఇప్పుడు ఆదివారాలు తోడు వచ్చే ఇద్దరిలో ఒకరు అలా దొరికినవారే. ఆ రోజు ఆయనకు బెల్ కొట్టాలని తెలియదు. ఇప్పుడు నాకంటే ముందే కొడతాడు.