ఇంట్లో కీబోర్డ్ రికార్డింగ్, 4వ పాఠం: వాయించేటప్పుడు చెవికి ఏది వినిపించాలి?

పోయిన పాఠంలో కీబోర్డ్ లైన్ అవుట్ నుంచి ఆడియో ఇంటర్‌ఫేస్‌కు, అంటే కీబోర్డ్ శబ్దాన్ని కంప్యూటర్‌కు చేర్చే పెట్టెకు, కేబుల్ కలిపి, గట్టిగా వాయించినా మీటర్ మైనస్ 12 డెసిబెల్స్ దాటకుండా గెయిన్ (లోపలికి వచ్చే శబ్దం స్థాయి) పెట్టుకున్నాం. ఇక రికార్డ్ నొక్కేద్దాం అనిపిస్తుంది, కానీ ఆగండి. కీ ఒక్కసారి నొక్కితే శబ్దం రెండుసార్లు వినిపిస్తోందా? చేయి తాళానికి అందడం లేదా? అయితే లోపం మీ వేళ్లలో లేదు, హెడ్‌ఫోన్‌లోకి శబ్దం వస్తున్న దారిలో ఉంది.

ఆ దారులు రెండు. ఒకటి, ఇంటర్‌ఫేస్ లోపలి నుంచే నేరుగా చెవికి వచ్చేది, డైరెక్ట్ మానిటర్. రెండోది కంప్యూటర్‌లోకి వెళ్లి, సాఫ్ట్‌వేర్ దాటుకుని తిరిగొచ్చేది, ఇది తప్పకుండా ఆలస్యంగా వస్తుంది. ఎందుకంటే కంప్యూటర్ శాంపిళ్లను, అంటే శబ్దాన్ని క్షణక్షణం కొలిచిన అంకెలను, కొన్ని కొన్ని పోగేసుకుని ఒకేసారి పని చేస్తుంది, ఆ పోగునే బఫర్ అంటాం. సెకనుకు 44,100 శాంపిళ్ల లెక్కన 256 బఫర్ అంటే దాదాపు 6 మిల్లీసెకన్లు, 1024 అంటే 23. పోవడానికి ఒకసారి, రావడానికి ఒకసారి, అంటే 1024తో 46 పైనే. నిమిషానికి 120 బీట్లున్న పాటలో పావు బీటు 125 మిల్లీసెకన్లే, అందులో మూడో వంతుకు మించి వెనకబడితే ఎంత చేయి తిరిగినవాళ్లయినా తడబడతారు.

అందుకే కీబోర్డ్ సొంత టోన్ రికార్డ్ చేస్తుంటే డైరెక్ట్ మానిటర్ ఆన్, సాఫ్ట్‌వేర్‌లో ఆ ట్రాక్ మానిటర్ ఆఫ్. రెండూ ఆన్‌లో పెట్టొద్దు. యూఎస్‌బీ మిడితో, అంటే కేబుల్‌లో శబ్దం కాకుండా ఏ కీ నొక్కారన్న సమాచారం పంపి, కంప్యూటర్‌లోని టోన్లు వాడుతుంటే మాత్రం శబ్దం పుట్టేదే కంప్యూటర్‌లో కాబట్టి వేరే దారి లేదు. అప్పుడు బఫర్ 128కి దించండి, చిటపటలు వస్తే 256కి పెంచండి, కీబోర్డ్‌లో లోకల్ కంట్రోల్ ఆఫ్ చేయండి, లేకపోతే దాని సొంత టోన్ కూడా కలిసి మోగుతుంది. మిక్సింగ్ అప్పుడు 1024 పెట్టుకున్నా ఇబ్బంది లేదు.

బ్లూటూత్ హెడ్‌ఫోన్ ఈ పనికి అస్సలు వద్దు, వైరుదే కావాలి, చెవిని పూర్తిగా మూసేదైతే మరీ మంచిది. నల్లగొండలోనో మిర్యాలగూడలోనో ఇంట్లో బతుకమ్మ పాటో క్రిస్మస్ పాటో చేసేటప్పుడు పాడే అక్క, వాయించే తమ్ముడు ఒకే గదిలో కూర్చుంటారు కదా, కీబోర్డ్ స్పీకర్లు మోగుతుంటే ఆ శబ్దమంతా ఆమె మైకులోకి వెళ్తుంది, తర్వాత గొంతును ఒక్కదాన్నే సరిచేయడం చాలా కష్టం. వాల్యూమ్ తగ్గిస్తే చాలా కీబోర్డుల్లో లైన్ అవుట్ కూడా తగ్గిపోతుంది. సెట్టింగుల్లో స్పీకర్ ఆఫ్ ఉందేమో చూడండి, లేకపోతే ఫోన్స్ అని రాసున్న హెడ్‌ఫోన్ రంధ్రంలో వైరు లేని పిన్ను ఒకటి గుచ్చితే చాలా మోడళ్లలో స్పీకర్లు ఆగిపోతాయి. సన్నగా జుంయ్ అని హమ్ వస్తుంటే ల్యాప్‌టాప్ చార్జర్ తీసి చూడండి, చాలాసార్లు అక్కడే పోతుంది.

ఇప్పుడు పరీక్ష. పియానో టోన్ పెట్టి, ఒకే కీని పొట్టిగా, గట్టిగా కొట్టండి. సాఫ్ట్‌వేర్‌లో ఆ ట్రాక్‌ను మ్యూట్ చేసి మళ్లీ కొట్టండి. శబ్దం ఏమాత్రం మారకపోతే మీరు వింటున్నది డైరెక్ట్ దారిలోనే. పూర్తిగా ఆగిపోతే సాఫ్ట్‌వేర్ దారి. మ్యూట్ చేయగానే జంట శబ్దం కాస్తా ఒంటిదైతే రెండూ ఆన్‌లో ఉన్నట్టు, పైన చెప్పినట్టు సరిచేసుకోండి.

అది తేలాక మెట్రోనోమ్ పెట్టుకుని మీకు బాగా వచ్చిన పాట 16 బార్లు రికార్డ్ చేసి ఉంచండి. వచ్చే పాఠంలో ఆ ఫైలునే తెర మీద పెద్దది చేసి, ఏ స్వరం బీటుకు ముందు పడిందో, ఏది వెనక పడిందో చూద్దాం.